డాక్టరు గారి కుడి భుజం

భర్త తన దగ్గర ఏదో దాస్తున్నాడని ఎలిశబెతు మూడు రోజుల కిందటే పసిగట్టింది. చొక్కా తొడుక్కునేటప్పుడు కుడిచెయ్యి ముందు దూర్చి, మిగతాది ఎడమచేత్తో లాక్కుంటున్నాడు. చర్చిలో పాటల పుస్తకం ఎడమచేత్తో పట్టుకున్నాడు. నాలుగో రోజు ఆయన పళ్ళు చూసే గదిలో, సున్నపు దవడ బొమ్మ వెనక అమృతాంజనం సీసా దొరికింది. అడుగంటిపోయింది.

అది 1963. ఎలిశబెతు భర్త హెబ్రోను బిట్రగుంట రైల్వే కాలనీ పక్కన పళ్ళ డాక్టరు. ఆయనది కాలితో తొక్కుతూ పళ్ళు తొలిచే డ్రిల్లు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో తొక్కుతూ, జనం నోళ్ళలోకి వంగి పద్దెనిమిదేళ్ళు గడిపాడు.

ఎలిశబెతు సీసా ఆయన ముందు పెట్టింది. "ఎప్పట్నించి?"

"ఈస్టరు ముందు నుంచి. మెడ దగ్గర్నుంచి మోచేతి దాకా ఒకటే పోటు. నిన్న గార్డు గారి నోట్లో డ్రిల్లు జారబోయింది. ఎవరి నాలుకో కోసేదాకా ఆగమంటావా? సోమవారం నుంచి మూసేస్తా."

"పళ్ళు చూడకుండా ఒక్క పూటన్నా ఉండగలరా మీరు? పెళ్ళిచూపుల్లో నా మొహం కంటే ముందు నా పళ్ళు చూసినారు."

"బాగుండబట్టే ఒప్పుకున్నా." నవ్వబోయి మెడ పట్టుకున్నాడు.

ఇంతలో జువ్వలదిన్నె నుంచి ముత్యాలయ్య చెంప అదుముకుంటూ వచ్చాడు. చేపల వేట అతని పని. కోరపన్ను పుచ్చింది.

"పీకేస్తా. ఒక్క నిమిషం," అన్నాడు హెబ్రోను, డ్రిల్లు వంక చూడకుండా.

"పీకబాకండయ్యా! వల అల్లేటప్పుడు దారం దీంతోనే పట్టుకుంటా. ఇది పోతే నా చెయ్యి పోయినట్టే."

ఆ మాటకు హెబ్రోను డ్రిల్లు దగ్గరికి జరిగాడు. వంగి తొక్కడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకే భుజం పట్టేసింది. డ్రిల్లు పక్కకు తీసి, పళ్ళు బిగించి నిలబడిపోయాడు.

ముత్యాలయ్య లేచాడు. "అయ్యా, వల చినిగితే మేం దాన్ని నిలబెట్టి, దాని మీదికి వంగుతామా? దాన్ని పరిచి మేం కూర్చుంటాం. మోచేతులు మోకాళ్ళ మీద ఉంటాయి." పోయి గోడవారనున్న పొట్టి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. "ఇదో, చినిగిన వల. కూర్చోండి!"

"కూర్చుంటే డ్రిల్లెవరు తొక్కుతారయ్యా?"

ఎలిశబెతు అప్పటికే డ్రిల్లు బల్ల పక్కకు ఈడ్చింది. కాలనీ మొత్తానికి మిషను మీద జాకెట్లు కుట్టిన కాలు ఆమెది. ఒక్క తొక్కు తొక్కేసరికి చక్రం గిర్రున తిరిగింది.

"మెల్లగా! జాకెట్టు కాదు, పన్ను!"

"తొక్కడం నాకు నేర్పబాకండి. మీరు మోచెయ్యి దించండి."

దించాడు. పొట్టి స్టూలు మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించి పన్ను తొలిచాడు. మద్రాసు ప్యాసింజరు కూత వేసేలోగా గుంట పూడ్చేశాడు. ముత్యాలయ్య లేచీ లేవగానే మొలలోంచి దారపు ముక్క తీసి నోట పెట్టబోయాడు.

"రేపటిదాకా కొరకబాక!" మొగుడూ పెళ్ళాలు ఒక్కసారే అరిచారు.

అతను వెళ్ళాక హెబ్రోను గొంతు సవరించుకున్నాడు. "సోమవారం నీకు జాకెట్లేమన్నా ఉన్నాయా?"

"పొద్దున ఖాళీయే." ఎలిశబెతు సీసా అడుగున మిగిలింది వేలితో తీసింది. "చొక్కా విప్పండి. భుజం వెనక్కి మీ ఎడమచెయ్యి ఎక్కడ అందుద్ది?"