పై వరుసలో పాత అంకె

నేను ఒక చేంజ్‌లాగ్‌ని. మీరు నన్ను చూసి ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు, ఎవరూ చూడరు. లినక్స్ కంప్యూటర్లలోకి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీగా కట్టి వస్తుంది. దాని అడుగున పడి ఉండే చిన్న ఫైలుని నేను. ఏ రోజు ఏం మారింది, ఎవరు మార్చారు, ఎవరు చెప్పగా మార్చారు అన్నవన్నీ నాలో రాయాలి. కొత్తది పైన, పాతది కింద. రాయాలి అన్నాను గానీ, రాస్తారని ఒట్టేసి చెప్పలేను.

నన్ను పుట్టించింది అమలాపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే హైమవతి. చూపు లేనివాళ్ళకి తెర మీది తెలుగుని చదివి వినిపించే ‘వినికిడి’ అనే సాఫ్ట్‌వేర్ ఆవిడది. నాతోపాటే వెర్షన్ నంబరు కూడా పుట్టింది. దాని ఊసెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నదల్లా రెండు అంకెలు, మధ్యలో ఒక చుక్క. చేసే పని లేదు, మోసే బరువు లేదు. అయినా “2.2 వచ్చిందట!”, “2.3 వేసుకున్నావా?” అని అందరి నోటా దాని పేరే. ఆ 2.3లో ఏముందో నా ఒంటి నిండా రాసి ఉంది కదా, ఒక్కరైనా నా వైపు చూడరేం? ఎనిమిదేళ్ళు ఈ కడుపుమంటతోనే బతికాను. దాచుకోవడం దేనికి?

పైగా ప్యాకేజీ మీద ఏ అంకె పడాలో చెప్పేది నేనే. నా పై వరుసలో ఏది రాసి ఉంటే ప్యాకేజీ ఆ పేరుతోనే తయారవుతుంది. నేను కూర్చోబెట్టిన పీట మీద కూర్చుని అది నాకే పెత్తనం చూపించేది.

పిఠాపురం వైపు ఒక అంధుల పాఠశాలలో జకరయ్య మాస్టారు లెక్కలు చెబుతారు. ఆయనకీ చూపు లేదు. ఆయన దగ్గర పదో తరగతి చదివే రూతు ఒకరోజు ‘వినికిడి’లో తప్పు పట్టుకుంది. ఏడు పాయింట్ రెండు అయిదు ఉన్నచోట అది ఏడు వందల ఇరవై అయిదని చదువుతోంది. అంకెల మధ్య చుక్కని మింగేస్తోందన్నమాట. మాస్టారు హైమవతికి చెప్పారు. ఆవిడ రెండు రోజుల్లో బాగుచేసింది. ‘వినికిడి’ తెరవగానే కనబడే కిటికీలో 2.3ని 2.4గా మార్చింది. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం “తర్వాత రాద్దాంలే” అనుకుంది. అనుకుని మర్చిపోయింది.

నా పై వరుసలో పాత 2.3 అలాగే ఉండిపోయింది. ప్యాకేజీ 2.3 పేరుతోనే తయారై వెళ్ళింది. బడిలోని కంప్యూటర్లు దాని పేరు చూసి, ఇది మా దగ్గర ఉన్నదే కదా అని పక్కన పెట్టేశాయి.

నేనేం చేశానంటే, సంతోషించాను. కిటికీలో 2.4 అని కులుకుతున్న నంబరు బయట 2.3గా పరువు పోగొట్టుకుంటే నాకు పండగలా ఉంది. బాగా అయిందనుకున్నాను.

శనివారం పొద్దున్న జకరయ్య మాస్టారు ఫోన్ చేశారు.

“ఏమ్మా హైమవతీ, కొత్తది పంపేనన్నావు. చుక్క ఇంకా మింగేత్తానే ఉంది.”

“నా దగ్గర బాగానే చదువుతుంది మాస్టారూ. 2.4 అని కనబడుతుంది కూడానండీ.”

“నీ దగ్గర చదివితే రూతుకేం లాభవమ్మా? సోమవారం లెక్కల పరీక్ష. సాయంత్రంలోగా ఇది బాగవకపోతే రాసిపెట్టడానికి మనిషిని ఇత్తామంటన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. ఆ పిల్ల పొద్దున్నించీ అన్నం ముట్టుకోలేదు.”

పోయినేడాది రూతుకి రాసిపెట్టిన అమ్మాయి, ఈమె చెప్పింది వినకుండా తనకి తోచిన జవాబులు రాసేసింది. లెక్కల్లో తప్పింది రూతు. ఈసారి తన పరీక్ష తనే కంప్యూటర్ మీద రాస్తానని పట్టుబట్టి అనుమతి తెచ్చుకుంది. ఈ సంగతి వినగానే నా పండగ కాస్తా ఆవిరైపోయింది. నంబరు మీది అసూయతో నేను చప్పట్లు కొట్టింది ఈ పిల్ల అన్నం మానేసినందుకా? సిగ్గేసింది.

“నువ్వు పంపినదాన్ని విప్పించి, అందులో చేంజ్‌లాగ్ మొత్తం విన్నానమ్మా,” అన్నారు మాస్టారు. “పైన 2.3 అనే ఉంది. ఫిబ్రవరి తర్వాత నువ్వందులో ముక్క రాయలేదు.”

“అయ్యయ్యో మాస్టారూ!” అని హైమవతి నెత్తి కొట్టుకుంది.

ఎనిమిదేళ్ళలో నన్ను పైనుంచి కిందిదాకా విన్న మొదటి మనిషి ఆయనే. హైమవతి అప్పటికప్పుడు నాలో రాసింది: ‘2.4. అంకెల మధ్య చుక్కని వదలకుండా చదువుతుంది. ఈ పని ముందే అయినా ఇక్కడ రాయకపోవడం వల్ల ఎవరికీ చేరలేదు. తప్పు నాది.’ మధ్యాహ్నానికల్లా బడిలోని కంప్యూటర్లు కొత్తదాన్ని తీసుకున్నాయి. సోమవారం రూతు పరీక్ష రాసింది, తన చేత్తోనే. బడిలో అందరూ ఏమన్నారో తెలుసా? “2.4 భలేగుంది!” అన్నారు. నాకు మళ్ళీ మండింది.

పరీక్షలయ్యాక రూతు నన్ను చదివించుకుని వింది. విని మూతి ముడుచుకుంది.

“మాస్టారూ, చుక్క పోతందని ముందు చెప్పింది నేను కదండీ. ఇందులో నా పేరు లేదేంటి?”

తప్పు పట్టుకున్నవాళ్ళ పేరు రాయడం మాలో ఆనవాయితీ. హైమవతి కంగారులో వదిలేసింది. ఒకసారి బయటికి వెళ్ళిన వరుసని దిద్దకూడదన్నది ఇంకో ఆనవాయితీ. పేరు ఎక్కాలంటే కొత్త వరుస కావాలి, కొత్త వరుసకి కొత్త అంకె కావాలి. మాస్టారు సంగతి చెబితే హైమవతి ఒప్పుకుని, “ఆ వరుస రూతునే రాసి పంపమనండి మాస్టారూ,” అంది.

రూతు ఒక్కొక్క అక్షరం వింటూ టైపు చేసింది: ‘2.5. మార్పేమీ లేదు. చుక్క పోతోందని మొదట చెప్పినది: మోకా రూతు.’

ఆ ఒక్క పేరు కోసం నంబరుగారు తన పీట మీంచి లేచి పక్కకి జరగాల్సి వచ్చింది. ఏముంది ఈ 2.5లో అని జనం అడుగుతున్నారట. నన్ను తెరిచి చూస్తున్నారు.