ఎల్లేశన్న ఫ్రేము

అనంతగిరి ఘాటు రోడ్డు మలుపు మధ్యలో కూర్చుని ఎల్లేశన్న సైకిల్ ఫ్రేమును గరుకు కాగితంతో రుద్దుతున్నాను, ఉన్నది రోడ్డు మీదే అయినా నా రిపేరు షాపు గోడలు కూడా రెండు పక్కలా నిలబడి ఉన్నాయి, వాటి మీంచి పొగమంచు దిగుతోంది, ఆ మంచులోంచి, పోయినేడు ఈ మలుపులోనే లారీ గుద్ది చనిపోయిన మా ఎల్లేశన్నే రేసు బట్టల్లో నడిచొచ్చి నా ఎదుట గొంతుక్కూర్చుంటాడు. చనిపోయాడని నాకు తెలుసు, అయినా కాస్త జరిగి చోటిస్తాను.

కింది పైపు మీద, పగులు ఉన్న చోట వేలు పెట్టి, ఇది కార్బన్ ఫైబరు, ఇనుములా వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది, తుక్కుకు వేసెయ్యమని అమ్మ చెప్పింది కదా అంటాడు. అమ్మే కాదు, పోయినవాడి సైకిలు ఎక్కుతావా అని సైకిల్ క్లబ్బువాళ్లూ అన్నారని చెబుతాను. గట్టి పొర తగిలేదాకా చెడిన పొరలన్నీ అరగదీశానని, ఒకదాని కంటే ఒకటి పెద్దగా కోసిన కార్బన్ బట్ట ముక్కలను రెజిన్ జిగురుతో అతికించి వేడి పెట్టానని, ఆదివారం రేసులో ఈ మలుపే దిగుతానని చెబుతుంటే షాపు గోడలు ఒక్కొక్కటే చెట్లయిపోతాయి.

"లోపల సూసినవా? పైకి కనవడేదే పగులు కాదు."

"సూసిన. లోపల గూడ కట్టిన."

"అయినా నువ్వెక్కకు చెల్లె. నా బండి అది."

"నీదుండె అన్నా. ఇప్పుడు నాది. బతికున్నోళ్లు వద్దంటేనే ఇనలే, నువ్వొచ్చి చెప్తే ఇంటనా?"

ఫ్రేముకు చక్రాలు ఎప్పుడొచ్చాయో తెలియదు, నేను ఎక్కి దిగువకు దూసుకుపోతున్నాను, మలుపులో అన్న రోడ్డుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు, ఆ చేతుల మీద దెబ్బలింకా పచ్చిగానే ఉన్నాయి, నాకు ఏడుపొస్తుంది, అయినా బ్రేకు పట్టను, పట్టనని అతనికి తెలిసేలా వేళ్లు పైకి తీసేస్తాను. దగ్గరకొచ్చేసరికి అతని మొహంలో అచ్చం అమ్మ భయమే కనిపిస్తుంది, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటాడు, దాటిపోతుంటే నా వీపుకు అరచెయ్యి ఆనించి, రేసులో తన జట్టువాళ్లను నెట్టినట్టు బలంగా ముందుకు నెడతాడు.

"మలుపుకు లోపలి పక్క పట్టు చెల్లె."

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం, షాపులో బల్ల మీద తల వాల్చి ఉన్నాను. వెనక షట్టరు సందులోంచి పడ్డ ఎండకు నా వీపు మీద అరచెయ్యంత మేర వెచ్చగా ఉంది.