గెడ్డ జరిగింది, నేను జరగలేదు

నేను ఒక హద్దురాయిని. నా పుట్టుక సంగతి తర్వాత, ముందు మా అక్క మీద నాలుగు మాటలు చెప్పుకోకపోతే నా కడుపుబ్బరం తగ్గదు. మా అక్క అంటే ఈ గెడ్డే, కొండ మీంచి దిగే ఏరు. ఇద్దరం ఒకే కొండ బిడ్డలం. పుట్టిన దగ్గర నుంచీ ఆవిడ ఒకచోట కుదురుగా పడుకున్న పాపాన పోలేదు. అయినా ఊళ్లో మర్యాదంతా ఆవిడకే.

నన్ను ఉలితో కొండ నుంచి విడదీసి, నెత్తిన అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గాట్లు పెట్టి, ఎడ్లబండి మీద తెచ్చారు. సర్వేయరొకాయన గొలుసు లాగి లాగి, చెమట తుడుచుకుని, నన్ను గెడ్డ ఒడ్డున పాతాడు. పడమట తామరవలస, తూర్పున జీలుగుపేట. కొండల్నీ నదుల్నీ చూసుకుని దేశాలే గీతలు గీసుకుంటాయి, రెండు ఊళ్లెంత? గీత గీసే ఓపిక లేక మనిషి ఆ పని ఏటికి అప్పగిస్తాడు. తనకా ఉద్యోగం వచ్చినట్టు ఏటికి తెలియదు.

ఆ తర్వాత నా మీద కొడవళ్లు నూరారు, బట్టలు బాదారు. ఒక గేదె మాత్రం రోజూ వచ్చి వీపు గోక్కుని వెళ్లేది. నా అవసరం గుర్తించింది అదొక్కటే.

పోయిన వానాకాలం ఒక్క వరదలో మా అక్క తామరవలస పారమ్మ జీడితోటను చుట్టి, దానికి పడమటగా కొత్త దారి చేసుకుంది. నేను పొడి ఇసుకలో మిగిలాను. తోట జీలుగుపేట వైపుకు తేలింది. పారమ్మ ఇంట ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది ఆ తోటతోనే. సరిగ్గా జీడిపిక్కలు ఏరే వేళకు జీలుగుపేట దాలినాయుడు ముళ్లకంపతో దిగి కంచె వేయడం మొదలుపెట్టాడు.

"గెడ్డకి ఇటేపున్నదంతా మాదే కదేటి వొదినా. నానేటి ఎత్తుకొచ్చినానా? గెడ్డే తెచ్చిచ్చింది."

"అలగైతే మట్టెత్తుకో మరిదీ," అంది పారమ్మ.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. హద్దు ఫలానా అన్నవాడు ఆ నేల మట్టిని ముద్ద చేసి నెత్తిన పెట్టుకుని, రెండూళ్ల పెద్దల ఎదుట ఆ హద్దు వెంట కొసదాకా నడవాలి. మధ్యలో ఆగితే వాడి మాట చెల్లదు. నాయుడు తలపాగా తీసి, ముద్ద పెట్టుకుని, పెళ్లికొడుకులా నీళ్ల అంచున బయల్దేరాడు. పెద్దలు వెనకాల.

రెండో వంపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నా చోటు నుంచి ఆ వంపు బాగా కనిపిస్తుంది. నాలుగేళ్ల కిందట మా అక్క అక్కడ తూర్పుకు జరిగింది. నాయుడి కళ్లం, గడ్డివాము, బోరు మూడూ పడమటి ఒడ్డున ఉండిపోయాయి. రోజూ మోకాలి లోతు నీళ్లు దాటి అక్కడికి వెళ్తూనే ఉన్నాడు. తడి కాళ్లకు తగిలింది గానీ బుర్రకు తగల్లేదు.

"ఆగిపోనావేటి మరిదీ?" అంది పారమ్మ నెమ్మదిగా. "నడు. ఆ బోరు ఇకన మా ఊరిదే కదా. మోటారు బాగా లాగుతాదా?"

పెద్దలు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మట్టి కరిగి నాయుడి మీసం మీదికి జారింది. అడుగు వేస్తే కళ్లం పోతుంది, ఆగితే తోట పోతుంది. కాసేపు గెడ్డను చూశాడు, కాసేపు బోరును చూశాడు. చివరికి వెనక్కి నడిచొచ్చి ముద్దను నా పక్కన దించి, మొహం తుడుచుకున్నాడు.

"తప్పు నాదే వొదినా," అన్నాడు, అందరికీ వినబడేలా. "తోట నీదే. కంచె నానే పీకీస్తాను."