గాలికుంటు కాగితం

మా రాహేలుకు మూడేళ్లు నిండినా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి. ఇంట్లో బెల్లం కుండ మూత తీస్తే వీధిలోంచి పరుగెత్తుకొచ్చేది. నా భార్య ప్రేమమ్మ వస అరగదీసి నాలుకకు రాసింది. ఉపవాసముండి ప్రార్థించింది. బిడ్డకు మాటలియ్యమని నేనూ ప్రార్థించాను.

"నాకింకేం వద్దయ్యా. ఒక్కతూరి అమ్మా అంటే చాలు," అని పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకునేది.

సువార్త చెప్పడానికి కోయిలకుంట్ల నుంచి వచ్చే వరమ్మక్క బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసింది.

"ఏం జ్ఞానరాజూ, నువ్వు ఐదో తరగతి చదివినావు గదా. దినమ్మూ బిడ్డకు గట్టిగా చదివి వినిపించు. చెవిలో పోయనిది నోట్లోంచి యాడ వస్తాది?"

"ఏం చదవాలక్కా?"

"ఏదో ఒకటి. అచ్చులో ఉంటే చాలు."

దేవుని గ్రంథం మా ఊళ్లో ఒక్కటే. అది గుడిలో పెట్టెలో ఉంటుంది, ఆదివారం తప్ప బయటికి రాదు. మా ఇంట్లో ఉన్న అచ్చు కాగితం ఒక్కటే: పశువుల డాక్టరు మనుషులు సంతలో పంచిన గాలికుంటు కాగితం. మర్నాడు తెల్లవారగానే మొదలుపెట్టాను.

"పశువులకు గాలికుంటు సోకిన యెడల, జబ్బుపడిన దానిని మంద నుండి వేరు చేయవలెను. గిట్టలను ఉప్పునీటితో కడుగవలెను..."

మా వైపు ఇళ్లలో తలుపు దాటగానే ఒక పక్క ఎద్దులు, ఒక పక్క మనుషులు. రాహేలు ఎద్దుకు మేత వేసే గాడి గట్టు మీద కూర్చుని నా నోటికేసి చూసేది. మా ఎద్దు మచ్చోడు కూడా చూసేది. నెల తిరిగేసరికి బిడ్డలో మార్పు రాలేదు, ఎద్దులో వచ్చింది. చదివితేనే మేత ముట్టేది. ఒకరోజు చదవకుండా చేనికి బయలుదేరబోతే, పచ్చి జొన్నచొప్ప ముందున్నా నన్నే చూస్తూ నిలబడింది.

"ప్రభువు పశువుల పాకలోనే పుట్టె. ఎద్దు వింటే తప్పేముండాది?" అంది ప్రేమమ్మ. కాని ఆమె కళ్లు బిడ్డ నోటి మీదే ఉన్నాయి. బిడ్డ కోసం అడిగిన వరం దారి తప్పి ఎద్దుకు చేరిందా అనిపించింది నాకు. అలా అనుకున్నందుకు క్షమించమని అడిగాను గాని, అనుమానం పోలేదు.

సంగతి పక్కింటి మారెన్నకు తెలిసింది.

"ఏమప్పా, మా బర్రె పాలు చేపడం ల్యా. దానికీ రోంత చదువు."

చదివాను. ఆ పూట బర్రె రెండు చెంబులు ఎక్కువిచ్చింది. పదిహేను దినాలకు మా వాకిట్లో పదకొండు పశువులు చేరాయి. మారెన్న వాటిని వరుసలో నిలబెట్టి నా మీద అజమాయిషీ మొదలుపెట్టాడు.

"నిదానంగా చదువప్పా! మా బర్రె శానా పెద్దది, అంత బిరీన అందుకోల్యాదు."

ఒక ఉదయం జలుబు చేసి నా గొంతు పూర్తిగా పూడిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఒక్క పశువూ మేత ముట్టలేదు.

"ఈడ తే, నేను చదువుతా. అదేమన్నా బ్రహ్మవిద్దెనా?" అని మారెన్న కాగితం లాక్కున్నాడు. అతనికి ఓనమాలు కూడా రావు. కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని "హంబా" అన్నాడు. మచ్చోడితో సహా పన్నెండు పశువులూ సిగ్గుపడినట్టు తలలు తిప్పుకున్నాయి.

రాహేలు గట్టు దిగి వచ్చి అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది.

"పశువులకు గాలికుంటు సోకిన యెడల..."

చివరి మాట దాకా ఒక్కటీ తప్పలేదు. పశువులు మేతలో మూతులు పెట్టాయి. ప్రేమమ్మ చేతిలో చేట జారిపడింది. పరుగున వచ్చి బిడ్డను వాటేసుకుంది.

"నా తల్లీ! అమ్మా అను. అమ్మా!"

రాహేలు ఆమె ముఖం చూసి, "గిట్టలను ఉప్పునీటితో కడుగవలెను," అంది.

"ఓరి నీ! డాక్టరమ్మ పుట్టినాది గదప్పా!" అని మారెన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రేమమ్మ నవ్వలేదు.

"ఆ కాగితంలో అమ్మా అనే మాట ల్యాదా అయ్యా?"

లేదని తల ఊపాను. అప్పుడు తట్టింది. ప్రార్థనలో నేను మాటలు అడిగాను, ఏ మాటో చెప్పలేదు. ఇచ్చినవాడిని తప్పుపట్టడమెలా?

బొగ్గుముక్క తెచ్చి కాగితం అడుగున ఒక వాక్యం రాశాను. గొంతు రాగానే మిగతా కాగితంతో కలిపి దాన్నీ చదివాను: "బిడ్డకు ఆకలి అయిన యెడల అమ్మా అని పిలువవలెను." పశువులకు కొత్త వాక్యం నచ్చింది.

పదకొండో ఉదయం కాగితం రాహేలు అందుకుంది. మొదటినుంచీ చదువుతూ వచ్చి, నా వాక్యం మధ్యలో ఆగింది.

"బిడ్డకు ఆకలి అయిన యెడల... అమ్మా!"

కాగితం కింద పడేసి, రెండు చేతులూ చాచి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

పశువులు అలాగే నిలబడ్డాయి. వాక్యం పూర్తి కాలేదని మచ్చోడు నా వైపు చూసింది. లోపల ప్రేమమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. నేను కాగితం తీసుకుని, "అని పిలువవలెను," అని ముగించాను.