లిఫ్టు బాబాయ్ బరువు

కొలతగ్లాసులో నీళ్ళు పోసి, కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, గీత దాటిన నాలుగు చుక్కల్నీ మళ్ళీ బిందెలోకి వంచేశాడు లిఫ్టు బాబాయ్. రోజు మొత్తానికీ భార్యకు అలాంటి గ్లాసులు నాలుగే. కిడ్నీలు రెండూ మూలనపడ్డ మనిషి అంతకంటే ఎక్కువ తాగితే ఆ నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి. రెండేళ్ళుగా ఈ కొలత ఆయన చేతిమీదే జరుగుతోంది. ఆ రెండేళ్ళలో ఆమె చూస్తుండగా ఆయన ఒక్క గుక్క తాగి ఎరగడు. వంటగదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా దొంగలా తాగి, మూతి తుడుచుకుని బయటికి వచ్చేవాడు. నిన్న సాయంత్రం నుంచి ఆ దొంగతనం కూడా మానేశాడు.

"మీరు తాగారా?" అంది ఆమె మంచం మీంచి.

"ఆఁ, తాగాను."

"ఎప్పుడు? బిందె మూత చప్పుడే కాలేదు."

"నీకు చెవులు కూడా పోతున్నాయి."

ఆమె నవ్వింది. నవ్వితే చాలు, ఉబ్బిన బుగ్గల మధ్య ఆమె కళ్ళు కనపడకుండా పోతాయి. "రేపు ఆ తూకమేదో అయిపోతే పీడా వదులుతుంది. ఏమో బాబూ, మీ కిడ్నీ పెట్టాక నాకూ మీలాగే కూచున్నచోట కునుకు పడుతుందేమోనని దిగులుగా ఉంది."

"గురక కూడా వస్తుంది. రెండూ కలిపే ఇస్తున్నా. విడివిడిగా ఇవ్వరట."

"ఛ, ఊరుకోండి!" అంది గానీ, నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఆయన వీపు నిమిరి, మాత్రలు చేతిలో పెట్టి, యూనిఫాం తొడుక్కున్నాడు.

ఇచ్చేది ఆయనే. రక్తం కలిసింది, పరీక్షలన్నీ కలిశాయి. పెళ్ళప్పుడు కూడా ఇంతగా ఎవరూ కలిపి చూడలేదు. కలవనిది ఒక్క బరువు. తొంభై మూడు కిలోల మనిషిని కోయలేమనీ, ఎనభై నాలుగుకు దిగి రమ్మనీ పెద్ద డాక్టరు చెప్పి నాలుగున్నర నెలలైంది. రేపు ఉదయం తొమ్మిదింటికి తూకం. తప్పితే మళ్ళీ వంతు వచ్చేది మూడు నెలల తర్వాత. ఆమె చేతిలో రక్తనాళాలు రక్తం శుభ్రం చేసే మిషను సూదులకు లొంగడం లేదనీ, మూడు నెలలంటే ఏమీ చెప్పలేమనీ డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆ మాట ఆయన ఇంటికి తేలేదు. వరండాలోనే మింగేసి వచ్చాడు.

ఇక ఆయన ఉద్యోగం సంగతి. ఆరంతస్తుల ఆఫీసు భవనంలో పాతకాలపు లిఫ్టు. దాని ఇనుప జాలీ తలుపు ఒకరు లాగితే తప్ప కదలదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒకరు ఈయనే. రోజుకు రెండు వందల సార్లు పైకెళ్ళి కిందికి దిగుతాడు, స్టూలు మీంచి మాత్రం లేవడు. పొట్టిమనిషి. చెవుల దగ్గర తప్ప తలమీద వెంట్రుక లేదు. మీటలు నొక్కీ నొక్కీ కుడిచేతి చూపుడువేలి కొస చదునైపోయింది. కూర్చుని కూర్చుని పొట్ట ముందుకు పెరిగి, లిఫ్టులో ఒక మనిషి పట్టేంత చోటు అదే ఆక్రమించిందని భవనంలో అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నిజమే మరి, ఏమంటాడు!

లోకజ్ఞానమంతా ఆయనకు ఆ పెట్టెలోనే అబ్బింది, అదీ సగం సగం. ఎవరో ఒక సంగతి ఎత్తుకుంటారు, మంచి పట్టులో ఉండగా వాళ్ళ అంతస్తు వచ్చేస్తుంది. జాలీ లాగాలి, వాళ్ళు దిగిపోవాలి. ఎవరి కోర్టు కేసు ఏమైందో, ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. మిగతా సగం ఇంటికెళ్ళాక మొగుడూ పెళ్ళాం కూర్చుని కల్పించుకునేవాళ్ళు. ఆమె కల్పించే ముగింపులే బాగుండేవి, ఆమె ఎవర్నీ చంపేది కాదు.

పోయిన వారం ఐదో అంతస్తు ఆఫీసు కుర్రవాడొకడు, కండలు తిరిగినవాడు, పక్కవాడికి చెబుతున్నాడు. "మనకంత టైం లేదనుకో, రెయిన్‌కోటు వేసుకుని ఎండలో నడవాలి. నీళ్ళు ముట్టకూడదు. ఒక్క రోజులో కిలోన్నర దిగుతుంది. కుస్తీవాళ్ళు తూకం ముందు చేసే పనే అది. కానీ..." అన్నాడు. ఐదో అంతస్తు వచ్చింది. జాలీ తెరుచుకుంది. ఆ కానీ తర్వాతి మాట వాడితోపాటే దిగి వెళ్ళిపోయింది. ఆ ఒక్కమాట కోసం లిఫ్టు ఇంకో నిమిషం ఆపి ఉంటే ఏం పోయేదయ్యా! కానీ ఇరవై ఆరేళ్ళలో ఆయన ఎవర్నీ ఆపి అడిగినవాడు కాదు. ఈ సగాన్ని ఇంటికి కూడా తీసుకెళ్ళలేదు. చెబితే ఆమె వెళ్ళనివ్వదని తెలుసు.

పన్నెండు కొట్టగానే రెండో ఆపరేటరు వచ్చాడు. అరవై దాటిన పెద్దాయన, ఎప్పుడూ నోట్లో లవంగం. పన్నెండు నుంచి మూడు దాకా స్టూలు అతనిది.

"ఇవాళ కూడానా? బయట నలభై ఆరంటున్నారు బాబాయ్. కుక్కలే మెట్ల కింద చేరాయి."

"ఇవాళ్టితో సరి. రేపట్నుంచి నువ్వు పొమ్మన్నా పోను."

చలికాలంలో నడక మొదలుపెట్టినప్పుడు ఈ మధ్యాహ్నపు ఎండ ఎంత హాయిగా ఉండేదనీ! ఉదయం ఆమె పనులు, సాయంత్రం ఆమె పనులు. ఆయనకంటూ మిగిలింది ఈ మూడు గంటలే. ఎండ రోజుకింత చొప్పున పెరిగింది, ఆయన రోజుకింత చొప్పున అలవాటుపడ్డాడు. ఏ రోజుకారోజు నిన్నటిలాగే ఉందనిపించింది. ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది?

కింద అంతస్తులో కొరియర్ ఆఫీసు ఉంది. పార్సెళ్ళు తూచే పెద్ద కాటా మీద బూట్లు విప్పి ఎక్కాడు. కౌంటరు అమ్మాయి అంకెలు చూసి, రోజూ అడిగే మాటే అడిగింది. "ఎక్కడికి బాబాయ్ పార్సెలు?"

"మా ఆవిడకే తల్లీ. ఎంతుంది?"

"ఎనభై అయిదూ మూడొందలు."

ఆయన మొహం వాడిపోయింది. కిలో మూడు వందలు ఎక్కువ. రాత్రి తిననేలేదు, నీళ్ళు కూడా ముట్టలేదు, అయినా దిగలేదు ముండా బరువు. ఆ అమ్మాయికి జాలేసింది. "ఇంతదాకా దించావు, ఆ కాస్తకి డాక్టరు ఏమంటాడులే. కూచో, చల్లటి నీళ్ళిస్తా. పెదాలు చూడు, ఎలా పగిలాయో."

"వద్దమ్మా. వచ్చాక మళ్ళీ ఎక్కుతాను, కాటా సిద్ధంగా పెట్టు," అని సంచిలోంచి రెయిన్‌కోటు తీశాడు. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు మెట్లు దిగిపోయాడు.

పక్క వీధిలో బడి మైదానం ఉంది. సెలవులు. గేటుకు తాళమున్నా పక్కనున్న చిన్న తలుపు తీసే ఉంటుంది. మైదానం చుట్టూ ఒక చుట్టు నాలుగు వందల అడుగులు, ఆయన అడుగులు. ఇనుప గోలుపోస్టుల నీడ కూడా కాళ్ళకింద పడేంత నిట్టనిలువు ఎండ. మట్టి నెర్రెలిచ్చి, పైపొర పెంకులుగా లేచింది. కాన్వాసు బూట్ల అడుగులోంచి వేడి పాదాలకు తగిలింది. రెయిన్‌కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని నడక మొదలుపెట్టాడు.

నాలుగో చుట్టుకు మోచేతుల దగ్గర చెమట గుంటలు కట్టింది. నడుస్తూనే చెయ్యి దులిపి, పోతోంది, పోతోంది అనుకున్నాడు. ఒక్కో చుట్టూ ఆమెకు ఒక్కో గ్లాసు నీళ్ళు. ఆపరేషనయ్యాక ఆమె మొట్టమొదట ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. చెంబెడు నీళ్ళు ఎత్తిపట్టి, గొంతులో గుటగుట చప్పుడయ్యేలా తాగుతుంది. రెండేళ్ళుగా ఆమె కలల్లో వచ్చేది అదొక్కటే. అప్పుడు ఆయన కూడా ఎదురుగా కూర్చుని తాగుతాడు. అంతకంటే ఆయన బతుక్కి వేరే కోరిక లేదు.

బడి కాపలా ఆవిడ వరండాలోంచి కేకేసింది. "అన్నా, నీకేమైనా పిచ్చా? ఆ ప్లాస్టిక్కేంటి? నీడలోకి రా!"

"ఇంకో పది చుట్లు అక్కా!"

ఆవిడ తిట్టుకుంటూ ఎండలోకి వచ్చి సీసా ఇచ్చింది. కాదనలేక ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. నాలుక దాన్ని వదలనంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ వెనక్కి తిరగగానే ఆ గుక్కెడూ ఉమ్మేశాడు. ఉమ్మిన చోట మట్టి తడిసినట్టే తడిసి ఆరిపోయింది. ఆవిడ అన్నం తినడానికి లోపలికి వెళ్ళింది.

ఎన్నో చుట్టో లెక్క తప్పింది. తల దిమ్ముగా ఉంది, కానీ ఒంటికి ఎందుకో చల్లగా అనిపించింది. మోచెయ్యి తడిమి చూసుకున్నాడు. పొడి. మెడ పొడి. చెమట ఆగిపోయింది. కరగాల్సిందంతా కరిగిపోయింది కాబోలనుకుని లిఫ్టు బాబాయ్ ఎంత సంతోషించాడో! కొరియర్ అమ్మాయికి చూపించాలి. ఇంటికెళ్ళి ఆమెకు... ముందు కాస్త కూర్చోవాలి. స్టూలు ఇక్కడే ఉండాలి కదా అని వెనక్కి చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు.

కాపలా ఆవిడ చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి ఆయన గోలుపోస్టుకు ఆనుకుని కూర్చుని, చూపుడువేలితో గాలిలో ఏదో నొక్కుతున్నాడు. "కిందికెళ్తుందండీ, కిందికి. జరగండి, చోటుంది, ఎక్కండి," అంటున్నాడు మర్యాదగా. ఆవిడ రెయిన్‌కోటు చింపేసి, బక్కెట్టు నీళ్ళు తలమీద కుమ్మరించింది. ఆ నీళ్ళకు ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు, తాగకూడదని.

ఆటోలో, తెల్లారితే తూకానికి వెళ్ళాల్సిన ఆసుపత్రికే తీసుకెళ్ళారు. కబురందిన కొరియర్ అమ్మాయి ఇంటికి పరిగెత్తి ఆయన భార్యను తీసుకొచ్చింది. మంచుగడ్డలు పెట్టారు, సూదులు గుచ్చారు, సీసాలకు సీసాలు ఎక్కించారు. ఆమె ఆయన అరికాళ్ళు పట్టుకుని కూర్చుంది, ఆ కాళ్ళు ఇంకా కాలుతూనే ఉన్నాయి. ఆరు గంటలప్పుడు, లిఫ్టు దిగి ఇంటికి వచ్చే వేళకు, ఆయన పోయాడు. గొడవ చెయ్యలేదు. చేసే మనిషీ కాదు.

చావు కబురు చెప్పడానికి పెద్ద డాక్టరే వచ్చాడు. ఆమె ఏడవలేదు, డాక్టరు మొహంలోకి చూసింది.

"ఆయన నాకిస్తానన్నారండీ," అంది. "ఇప్పుడైనా... ఆయన కష్టం ఊరికే పోకూడదు. తీసుకుంటాను. పెట్టండి."

డాక్టరు తలదించుకున్నాడు. "పనికిరావమ్మా. ఒంట్లో నీళ్ళనేవి లేవు. ముందు పాడైంది కిడ్నీలే."

అప్పుడు ఏడ్చింది. "ఎవరడిగారండీ మిమ్మల్ని? నేనడిగానా? నాకు మీరుంటే చాలదా? నాకంటే మంచంలో పడుండే రాత వచ్చింది, మీకేమొచ్చిందండీ నీళ్ళు మానుకోవడానికి?" అని ఆ పొట్టి పాదాల మీద తల కొట్టుకుంది. కొరియర్ అమ్మాయి పట్టుకుని లేవదీయబోతే, ఆమె బరువు ఆపలేక తనూ కింద కూలబడింది.

మర్నాడు శుక్రవారం, ఆమెకు మిషను రోజు. ఇంట్లో ఏం జరిగినా మిషను దగ్గరికి వెళ్ళకపోతే ఆమెకు ఊపిరాడదు. కొరియర్ అమ్మాయి తీసుకొచ్చి పడుకోబెట్టింది. తొమ్మిదైంది. తూకం గదిలోంచి ఒక నర్సు ఆయన ఫైలు పట్టుకుని వచ్చి, వరండాలో రెండుసార్లు పిలిచి, ఎవరో ఏదో చెప్పగా విని, తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఆయన ఒంటిమీంచి తీసినవి ముందురోజు ఆసుపత్రివాళ్ళు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చారు. సూది లేని చేత్తో ఆమె కవరు విప్పి, బెల్టు బయటికి తీసింది. కంపెనీవాడు వేసిన బెజ్జాలు అయిపోయాక ఆయన మేకు కాల్చి వంకరటింకరగా మరో నాలుగు పొడుచుకున్నాడు. మూడింటి అంచులు బకిలు పెట్టీ పెట్టీ సాగి, వెడల్పై ఉన్నాయి. చిట్టచివరిది మాత్రం గుండ్రంగా, నలగకుండా, పొడిచింది పొడిచినట్టే ఉంది.