కుట్టుక్లాసులో ఆరో మనిషి

టైలరమ్మ కుట్టుక్లాసు పెడతానంటే ఇంట్లో అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఉన్నదే ఇద్దరు: తనూ, సిటీ బస్సు నడిపే మొగుడూ. చిక్కల్లా లైబ్రరీతో వచ్చింది. మేడ మీది గది ఖాళీగానే ఉంది, ఇస్తాం, కానీ కనీసం ఆరుగురు చేరితేనే అని లైబ్రేరియన్ తేల్చి చెప్పాడు. ఆమె వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఆరు కరెంటు మిషన్లు సమకూర్చుకుంది గానీ, నేర్చుకునేవాళ్ళు మాత్రం అయిదుగురి దగ్గరే ఆగిపోయారు.

ఆ సాయంత్రం భార్య ముఖం చూసి డ్రైవరు చెప్పులు విడుస్తూనే సంగతి అడిగాడు. విని, తన పేరు రాసుకోమన్నాడు. తనది పొద్దుటి డ్యూటీ, మధ్యాహ్నాలు ఖాళీయే కదా అన్నాడు.

“మీకు సూదిలో దారం ఎక్కించడం వచ్చా?” అందామె.

“నాకెందుకూ? ఓ మూల కూచుని పేపరు చదువుకుంటా. లెక్కకి మనిషిని, అంతే.”

మొదటిరోజు అన్నంతపనీ చేశాడు. మూల కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు విప్పాడు. క్లాసులో అందరికంటే పెద్దావిడ, రిటైరైన నర్సు, ఆయన్ని కళ్ళజోడు మీంచి చూసి, లెక్క కోసమే అయితే బట్టలకొట్టు బొమ్మని తెచ్చి కూర్చోబెట్టినా సరిపోయేదని పైకే అంది. అందరూ నవ్వారు. టైలరమ్మ మాత్రం నేరుగా మొగుడి దగ్గరికి వచ్చి, చేతిలోని పేపరు తీసుకుని కత్తెరతో ముక్కలు చేసింది. వాటి మీద స్కేలుతో గీతలు గీసి తలా ఒకటి పంచింది. దారం లేకుండా ఉత్త సూదితో ఆ గీతల వెంబడి మిషను నడపడం ఆనాటి పాఠం. ఒక ముక్క ఆయన ముందు కూడా పెట్టింది. చదవడానికి ఇంకేమీ మిగల్లేదు కనక ఆయనా మిషను ముందు కూర్చున్నాడు.

కూర్చుని, పెడల్‌ని బస్సు యాక్సిలరేటర్ తొక్కినట్టే తొక్కాడు. మిషను గుర్రుమంది. కాగితం అడ్డదిడ్డంగా పరుగెత్తి అవతల కింద పడింది.

“స్కూలు ముందు నడుపుతున్నాననుకోండి,” అంది టైలరమ్మ.

ఆ మాట ఆయనకి బుర్రకెక్కింది. మలుపు వచ్చినప్పుడు సూదిని అలాగే దించి ఉంచి, గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదాన్ని ఎత్తి, గుడ్డ తిప్పుకుని మళ్ళీ పాదం దించాలని ఆమె చూపిస్తే, అందరికంటే ముందు ఆయనే పట్టేశాడు. తిన్నటి దారిలో వంకర్లు పోయినా, మూలలు మాత్రం ముచ్చటగా తిప్పేవాడు.

అసలు తంటా మాట దగ్గర వచ్చింది. రెండో క్లాసులో దారం తెగితే ఇంట్లో పిలిచినట్టే “ఇదిగో, ఇటు రావే” అన్నాడు. గదిలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. టీచరుని ఎవరైనా అలా పిలుస్తారా అని నర్సమ్మ నిలదీసింది. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, “టీచరుగారూ, మీరొకసారి ఇటు వస్తారా?” అన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో మొగుడి నోట ‘మీరు’ వినడం టైలరమ్మకి అదే మొదలు. నవ్వు ఆపుకోలేక దారపు ఉండ వెతికే నెపంతో బల్ల కిందికి వంగింది. ఆ రాత్రి ఆయన భోజనాల దగ్గర కూడా, “టీచరుగారూ, మంచినీళ్ళు” అని నాలిక్కరుచుకున్నాడు.

తరవాత వచ్చింది గుడ్డసంచీ. గుడ్డని మంచివైపు లోపలికి ఉండేలా మడిచి, పక్కలు కుట్టి తిరగెయ్యాలి. మూలలు తిప్పే ఉత్సాహంలో డ్రైవరు చుట్టూ కుట్టేశాడు. సంచీకి మూతి లేకుండా పోయింది. నర్సమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, దీన్ని దొంగలు కూడా విప్పలేరంది. టైలరమ్మ కుట్లు తెగ్గోసే చిన్న కొక్కెం ఆయన చేతికిచ్చి, గుడ్డకి తగలకుండా దారాన్ని మాత్రం ఎలా లేపాలో చూపించింది. ఆయన కుట్టు విప్పుతూ ఆమెనే చూశాడు. ఆమె ఒకరి మణికట్టు పట్టుకుని దారి చూపిస్తోంది, ఇంకొకరి తప్పుని “ఇది అందరూ చేసేదే” అని తేలిక చేస్తోంది. క్లాసైపోయేదాకా ఒక్కసారైనా కూర్చోలేదు. ఇంట్లో ముందుగదిలోంచి వచ్చే మిషను చప్పుడుకి ఇన్నాళ్ళూ తను విసుక్కోవడమే తప్ప, గుమ్మంలో నిలబడి చూసింది లేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అలా అయింది తన సంగతి అనుకున్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆమె అడక్కుండానే టీ పెట్టాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు గానీ ఆమె తాగేసింది.

అప్పటినించీ ఆయన తనంతట తనే పనిలో పడ్డాడు. డిపోలో టేపు పెట్టి డ్రైవరు సీటు కొలుచుకొచ్చి, నడుముకి ఆసరాగా ఒక దిండు కుట్టుకోవడం మొదలెట్టాడు. నీలం గుడ్డ, లోపల స్పాంజి, సీటుకి కట్టుకోవడానికి రెండువైపులా నాడాలు. అది సగంలో ఉండగా బేకరీలో పనిచేసే అమ్మాయి క్లాసులో చేరతానని వచ్చింది. మిషన్లేమో ఆరే.

ఇంటికి నడుస్తూ టైలరమ్మ, ఇక ఆయనకి రోజూ ఈ బెడద అక్కర్లేదని, హాయిగా ఇంటి దగ్గర పేపరు చదువుకోవచ్చని చెప్పింది. పాపం, తనకోసం ఇన్నాళ్ళూ కష్టపడ్డాడనే అనుకుంది ఆమె. ఆయన “సరే” అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టుందని మనసులో అనుకున్నాడు గానీ పైకి అనలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో పేపరు తెరిచాడు. ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఆ తరవాతి ఉదయం నర్సమ్మ ఆయన బస్సే ఎక్కింది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు ముందుకొచ్చి, నిన్న ఎందుకు రాలేదని అడిగింది. తన అవసరం తీరిపోయిందన్నాడు డ్రైవరు.

“ఎవరన్నారు? నిన్న ఆ బేకరీ పిల్ల సూది విరగ్గొట్టుకుని ఒకటే ఏడుపు. మీరుంటే ఏడ్చేది కాదు.”

“నేనేం చేస్తానమ్మా?”

“మాకంటే ముందు మీరే పాడుచేస్తారు కదా. మీ కుట్టు చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది.”

అది పొగడ్తో తిట్టో ఆయనకి వెంటనే అర్థం కాలేదు. పచ్చలైటు పడింది. తరవాతి స్టాపు దాకా తనలో తనే నవ్వుకుంటూ నడిపాడు.

డ్యూటీ దిగి ఇంటికెళ్ళి, మంచం కిందున్న పాత చేతిమిషను బయటికి లాగాడు. టైలరమ్మ పెళ్ళికి ముందు పని నేర్చుకున్నది దాని మీదే. దుమ్ము తుడిచి, నూనె వేసి, భుజాన పెట్టుకుని లైబ్రరీ మెట్లెక్కాడు. రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి టైలరమ్మ కత్తెర కింద పెట్టేసింది.

“ఇంత బరువు మోసుకురమ్మని ఎవరు చెప్పారండీ? నడుం పట్టేస్తే?”

“పట్టెయ్యకుండానే కదా దిండు కుట్టుకుంటున్నాను,” అన్నాడు. తరవాత కాస్త గొంతు తగ్గించి, “నాకు రావాలనే ఉంది. నువ్వే వద్దన్నావు,” అన్నాడు.

ఈసారి నర్సమ్మ కూడా ఆ ‘నువ్వు’ని తప్పుపట్టలేదు. టైలరమ్మ తన బల్ల మీది గుడ్డలన్నీ ఒక పక్కకి తోసి చోటు చేసింది. చేతిమిషను టీచరు బల్ల మీదే కుదురుకుంది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో గుడ్డని నడిపించడం మళ్ళీ మొదటినించీ నేర్చుకోవలసి వచ్చింది. బేకరీ అమ్మాయి ఆయన వంకరకుట్టు చూసి, తన కుట్టు చూసుకుని, నిమ్మళంగా సూదిలో దారం ఎక్కించుకుంది.

వారం తిరక్కుండా దిండు బస్సెక్కింది. కాస్త ఎడమవైపు బరువు ఎక్కువైంది గానీ నడుముకి సుఖంగానే ఉంది. మొదట ఎగతాళి చేసిన కండక్టరు, డిపోలో ఎవరూ లేనప్పుడు దానికి ఆనుకుని చూసి, తనకీ ఒకటి కావాలన్నాడు. కుట్టివ్వను, వస్తే నేర్పిస్తానన్నాడు డ్రైవరు, ఏదో పెద్ద మాస్టారులా.

ఈలోగా లైబ్రేరియన్ కిటికీలకి తెరలు కుట్టిపెట్టమని క్లాసుని అడిగాడు. మూలలన్నీ డ్రైవరుకి అప్పజెప్పింది టైలరమ్మ. తిన్నటి కుట్లు నర్సమ్మకి.