హైమవతి టీచరు వేలు

నేను ఒక సినిమా ప్రొజెక్టరును. బొంబాయిలో ఒక కర్మాగారంలో నన్ను బిగించారు. మొదట్లో ఆరోగ్యశాఖ వ్యానులో ఊరూరా తిరిగి, గోడల మీద దోమల బొమ్మలు చూపించాను. వ్యాను మూలపడ్డాక పార్వతీపురం దగ్గర ఒక హైస్కూలుకు ఇచ్చేశారు. నాతోపాటు ఒకే ఒక సినిమా వచ్చింది. అందులో ఒక మేష్టారు జబ్బును లెక్కచేయకుండా పాఠాలు చెప్పి, చివరికి నల్లబల్ల ముందే ఒరిగిపోతాడు.

ప్రతి ఉపాధ్యాయ దినోత్సవానికీ అదే ఆట. నన్ను నడిపేది లెక్కల టీచరు హైమవతి. నాలో ఒక లోపం ఉంది. ఫిల్ము వంపు తిరిగేచోట పట్టు తప్పుతుంది. ఫిల్ము ఆగితే దీపం వేడికి బొమ్మ కాలిపోతుంది. అందుకని ఆవిడ ఆట అయ్యేదాకా అక్కడ వేలు ఆనించి నిలబడేది.

మేష్టారు దగ్గే ఘట్టంలో హెడ్మాస్టరు అప్పలనాయుడు గారు ఏటా కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేవారు. మంచి మనిషే. అదే నాకు విసుగు.

ఒక ఏడు ఆవిడకూ దగ్గు పట్టుకుంది. విశాఖపట్నం వెళ్లి ఆసుపత్రిలో చేరమన్నాడు డాక్టరు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు నన్ను తుడుస్తూనే ఆవిడ నెల రోజులు సెలవు అడిగింది.

"మీరెళ్లిపోతే పదో తరగతికి లెక్కలెవరు చెప్తారమ్మా? మన సినిమాలో మేష్టారు సెలవడిగాడేటి?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఆయన బాధ రెండున్నర గంటల్లో అయిపోతుంది కదండీ" అంది ఆవిడ.

ఆయన నవ్వారు. పబ్లిక్ పరీక్షలయ్యాక చూద్దామన్నారు.

ఆ సాయంత్రం తెర మీద మేష్టారు దగ్గాడు. హాల్లో అందరూ ముక్కులు చీదుకున్నారు. నా పక్కన ఆవిడ దగ్గింది. ముందు వరుసలోంచి ఎవరో తిరిగి, "ఉష్, సినిమా వినపడనీండి" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేలు మాత్రం తీయలేదు.

పరీక్షలయ్యాయి. సెలవు మంజూరైంది. అప్పటికి ఆసుపత్రిలో చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

సంతాప సభలో ఆవిడను ఆ మేష్టారితో పోల్చారు. ఆవిడ జ్ఞాపకంగా అదే సినిమా వేశారు. డ్రిల్లు మేష్టారు నా మీట నొక్కి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. దగ్గే ఘట్టం వచ్చింది. హెడ్మాస్టరు గారు కళ్లద్దాలు తీశారు. వంపు దగ్గర ఫిల్ము ఆగింది. తెరమీది మేష్టారి మొహం మధ్య గోధుమరంగు మచ్చ లేచి, పాకి, చివరికి ఒట్టి తెల్లటి వెలుగు మిగిలింది.

"మిషను పాతదైపోయింది. ఇన్నాళ్లూ ఎలా నడిచిందో" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఇప్పుడు విరిగిన బెంచీల కింద పడి ఉన్నాను. ఆ రోజు ఆయన ఆ మాట నన్ను చూసి అన్నారు. నా పక్కన ఆవిడ నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఆయన అటు చూడలేదు.